చెత్త సేకరణకూ పాల సేకరణ క్రమమే
(సంఘ సభ్యుల సమావేశంలో సహకార తనిఖీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



పట్టణంలోని ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ల మిగులును తెచ్చి పశువులకు పెట్టేవారు మన సంఘాలలో ఉన్నారు. తనిఖీకి వెళ్ళిన ఒక గ్రామంలో మేము చూసినది చెబుతాము. అక్కడ అయిదు దుకాణాల చెత్త ఒకే డ్రమ్ములో వచ్చేది. ఈనిన నెలకే ఒక పాడిగేదె చనిపోయింది. కోసి చూడగా పొట్టలో ప్లాస్టిక్ ముద్ద, గుండె పొరలో ఇనుప తీగ దొరికినవి. ఏ దుకాణం నుండి వచ్చినదని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.

పాల విషయంలో మనమిలా చేస్తామా? ప్రతి సభ్యుని పాలనూ విడిగా పరీక్షించి, పుస్తకంలో వ్రాసి, ఆ తరువాతనే క్యానులో పోస్తాము. ఒకరి పులిసిన పాలు క్యానంతటినీ చెడగొడతాయని మనకు తెలుసు. చెత్తకూ అదే క్రమం కావాలి.

దుకాణానికొక నంబరు వేసిన డ్రమ్ము ఇవ్వండి. క్యాబేజీ ఆకులు, క్యారెట్ తొక్కల వంటివే అందులో వేయాలి. తడి, పొడి చెత్తలను పుట్టినచోటనే విడదీయాలని 2016 నియమాలలోనే చెప్పారు. డ్రమ్మును అక్కడే తెరచి చూడండి. ప్లాస్టిక్ కలిసి ఉంటే తీసుకోక, ఆ సంగతి పుస్తకంలో వ్రాయండి.

మాంసం, ఎముకలు, బూజు పట్టినవి పశువుకు పెట్టరాదు. అన్నం, నూడుల్స్ ఒక్కసారిగా ఎక్కువ తింటే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణానికే ముప్పు. కాగిన నూనె కూడా వద్దు. దానిని బయోడీజిల్‌కు సేకరించే పథకం 2018లోనే మొదలైనది.

ఇకపై తనిఖీకి వచ్చినప్పుడు పాల పుస్తకంతోపాటు ఈ పుస్తకాన్నీ అడుగుతాము.