కౌంటరా, ఫోనా: బిల్లుల బల్ల దగ్గర మేము నేర్చుకున్నది



ఈ సభలో మమ్మల్ని మాట్లాడమన్న విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కరెంటు బిల్లు, గ్యాసు, నీళ్ళ పన్ను ఫోనులో కట్టుకోవాలా, పాత పద్ధతిలో కౌంటరుకు వెళ్ళి కట్టాలా అన్నదే ఆ విషయం. పట్టాల గురించి, కుల ధ్రువపత్రాల గురించి, పారిశుధ్య కార్మికుల జీతాల గురించి మాట్లాడుకునే వేదిక మీద దీనికి చోటెందుకని మాలోనే కొందరు అడిగారు. మూడేళ్ళుగా మేము ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నాం. బిల్లులు కట్టడం తెలియనివాళ్ళకు సాయం చేయడం మా పని. అక్కడ చూసిందే చెబుతాం. ముందుగా మేము చేసిన తప్పు చెప్పాలి.

మాది ఉత్తర చెన్నైలో ఒక తెలుగు పేట. తాతల కాలంలో ఊడ్చే పనికీ, హార్బరు పనికీ వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళం. పెద్దవాళ్ళు తమిళం గడగడా మాట్లాడతారు, చదవలేరు. తెలుగు బడి అందని వాళ్ళకు తెలుగు చదవడమూ రాదు. అలాంటి ఒక అవ్వ ఉంది. రెండు నెలలకోసారి తెల్ల కార్డు చీర కొంగులో చుట్టుకుని ఈబీ ఆఫీసుకు నడిచి వెళ్ళేది. వరుసలో నిలబడి, డబ్బు కట్టి, రసీదు తెచ్చి గోడకు కొట్టిన తీగకు గుచ్చేది. ఏళ్ళ తరబడి రసీదులు ఆ తీగ మీదే ఉన్నాయి. మేము ఉత్సాహంగా వెళ్ళి, "అవ్వా, నీకెందుకీ ఎండలో తిరుగుడు, మేం ఫోనులో కట్టేస్తాం, డబ్బు మా చేతికియ్యి" అన్నాం. ఆమె మొహమాటపడి సరేనంది.

మూడోసారి కట్టేటప్పుడు మా కుర్రవాడు నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడు. తెర మీద బిల్లు వచ్చింది, ఎవరి పేరో కూడా వచ్చింది. ఆ పేరు అతను చదవలేదు. బల్ల దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు, తొందర. అవ్వ ఇచ్చిన 640 రూపాయలతో ఎవరి ఇంటి బిల్లో తీరిపోయింది. గడువు దాటిన కొన్ని రోజులకు లైన్‌మ్యాన్ వచ్చి ఇంకా కట్టలేదమ్మా అని చెప్పి వెళ్ళాడు. చర్చి పిల్లలు కట్టారు అని అవ్వ అంటే, రసీదు చూపించమన్నాడు. తీగ మీద ఆ రెండు నెలల రసీదు లేదు. పక్కింట్లో అప్పు చేసి, ఆలస్య రుసుముతో కలిపి, మళ్ళీ కౌంటరులోనే కట్టింది. తర్వాత ఆ డబ్బు మేము తిరిగి ఇచ్చాం, క్షమాపణ అడిగాం. ఆమె ఏమీ అనలేదు. బల్ల దగ్గరికి రావడం మాత్రం మానేసింది.

ఆ తర్వాతే మేము కూర్చుని ఆలోచించాం. కౌంటరు ఆమెకు ఏమిచ్చేది, మేము ఏం తీసేశాం?

రసీదు ఆమె చేతిలో ఉండేది, సాక్ష్యంగా. బిల్లు ఎంతో ముందు ఆమెకే తెలిసేది. ఇప్పుడు ఆ రెండూ వేరేవాళ్ళ ఫోనులో ఉన్నాయి. కొడుకో మనవడో కట్టే ఇళ్ళలో కూడా ఇదే కథ. వితంతు పింఛను పడే ఖాతా ఫోనుకు కలిపితే, ఆ ఫోను ఎవరి జేబులో ఉందో వాళ్ళకు ఖాతాలో ఎంత ఉందో తెలుస్తుంది. తాగుడు అలవాటున్న ఇంట్లో దాని అర్థం ఏమిటో ఇక్కడున్న అక్కలకు మేము చెప్పనక్కర్లేదు.

అలాగని కౌంటరును పొగిడి వదిలేయలేం. పగటిపూట మాత్రమే తెరిచే కౌంటరుకు వెళ్ళాలంటే రోజుకూలీకి పూట పని పోతుంది. 300 రూపాయల బిల్లు కట్టడానికి అంతకన్నా ఎక్కువ కూలి పోగొట్టుకున్నవాళ్ళు మా బల్ల దగ్గరే ఉన్నారు. తమిళనాడులో 2016 నుంచి ఇళ్ళకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం. ఒంటరిగా ఉండే ముసలమ్మలకు చాలాసార్లు కట్టాల్సింది ఏమీ ఉండదు. ఆ సంగతి రూఢి చేసుకోవడానికే ఆటో ఎక్కి వెళ్ళి వచ్చినవాళ్ళున్నారు. ఇలాంటి చోట ఫోను అర నిమిషంలో జవాబు చెబుతుంది.

గ్యాసు విషయంలో ఫోను ఇంకా మేలు చేసింది. సిలిండరు ఇంటికి తెచ్చినందుకు అయ్యే ఖర్చు బిల్లు ధరలోనే కలిసి ఉంటుంది. నగదు ఇచ్చేటప్పుడు మాత్రం పైన ముప్పయ్యో యాభయ్యో అడగడం మామూలైపోయింది. ముందే ఫోనులో కట్టినవాళ్ళను అంత ధైర్యంగా అడగరు. మోసేవాడికి జీతం సరిగా ఇవ్వక మన దగ్గర అడుక్కునేలా చేసేది ఎవరన్నది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సిన విషయం.

డబ్బు ఏ రూపంలో చేతికొస్తుందన్నది కూడా చూడాలి. కూలివాని కూలి ఆ రోజే, పొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండంలో ఉంది. మనవాళ్ళలో చాలామందికి కూలి ఇప్పటికీ ఏ రోజుకారోజు నోట్లుగానే వస్తుంది. వాళ్ళను ఫోనులో కట్టమంటే, ముందు బ్యాంకులో జమ చేయడానికి ఒక వరుసలో నిలబడాలి. ఒక వరుస తప్పించబోయి ఇంకో వరుస తగిలించినట్టు. జీతం ఖాతాలో పడేవాళ్ళది తిరగబడ్డ లెక్క. నగదు కోసం మాటిమాటికీ ఏటీఎంకు వెళితే, సొంత బ్యాంకులో నెలకు 5 సార్ల వరకే ఉచితం. ఆ పైన ఒక్కోసారికి 23 రూపాయల దాకా పట్టుకోవచ్చని 2025 మే నుంచి రూలు. వీళ్ళకు ఫోనే చవక.

ఇప్పుడు మోసాల సంగతి. "మీ పాత బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనే మెసేజ్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. మా పేటలో ఒక చెల్లెలు ఆ నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిన యాప్ దించుకుని, చీటీ కట్టాల్సిన డబ్బంతా పోగొట్టుకుంది. అందుకే 2003 విద్యుత్ చట్టంలోని 56వ సెక్షను మేము బల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం. బిల్లు బాకీ ఉన్నా సరే, రాతపూర్వకంగా 15 పూర్తి రోజుల గడువు ఇస్తూ నోటీసు ఇవ్వకుండా కనెక్షను తీయకూడదు. ఈ రాత్రే కట్ చేస్తాం అనే మెసేజ్ ఎవరు పంపినా భయపడనక్కర్లేదు. తెల్లారాక ఆఫీసుకు వెళ్ళి అడగండి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకు చెప్పాలి. ఖాతాదారు తప్పు లేకుండా బయటివాళ్ళ మోసంతో డబ్బు పోతే, మూడు పనిదినాల లోపల బ్యాంకుకు తెలియజేస్తే నష్టం అతని మీద పడకూడదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. కానీ ఓటీపీనో పిన్నో మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేవరకు పోయినదంతా మన నెత్తినే. చదువుకోనివాణ్ణి ఫోనులోకి తోసి, అతను మోసపోతే నీ అజాగ్రత్తే అనడం మాకు న్యాయంగా అనిపించదు. ఇంకో తంటా కూడా ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని మేము ఆదివారం గొంతు చించుకుంటాం. సోమవారం సిలిండరు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, మెసేజ్‌లో వచ్చిన నంబరు చెప్పమ్మా అంటాడు. అది డెలివరీ కోడ్, చెప్పవలసిందే. ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో పెద్దవాళ్ళు ఎలా పోల్చుకుంటారు? మేము ఇప్పుడు ఇలా చెబుతున్నాం: సిలిండరు కళ్ళెదుట ఉంటేనే ఆ నంబరు చెప్పండి, ఫోనులో అడిగితే ఏ నంబరూ చెప్పవద్దు. డబ్బు మనకు రావడానికి పిన్ను ఎప్పుడూ అక్కర్లేదు.

ఫోనులో డబ్బు తెగి, అవతలికి చేరకపోతే కంగారుపడి రెండోసారి కట్టకండి. యూపీఐలో కొన్నవాటికి, బిల్లులకు అలా ఇరుక్కున్న డబ్బు 5 రోజుల్లో తిరిగి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2019 నాటి రిజర్వు బ్యాంకు రూలు.

మధ్య దారి కూడా ఉంది. భారత్ బిల్‌పే గుర్తున్న దుకాణాల్లో నగదు ఇచ్చి బిల్లు కట్టవచ్చు, రసీదు అడిగి తీసుకోవచ్చు. బెంగళూరులో ఉన్న మనవాళ్ళకు బెంగళూరు వన్ కేంద్రాలున్నాయి. యానాం, బరంపురం, సోలాపూర్ నుంచి వచ్చినవాళ్ళు మీ దగ్గర ఏ కౌంటర్లు మిగిలాయో, బిల్లు ఏ భాషలో వస్తుందో భోజనాల వేళ మాకు చెప్పండి. నగదు కౌంటర్లు ఉంచాలని, బిల్లు మీద కట్టవలసిన మొత్తం, ఆఖరి తేదీ ఆ ప్రాంతపు అల్పసంఖ్యాకుల భాషలో కూడా వేయాలని అర్జీ పెట్టాలన్నది మా ఆలోచన. ముందుగా కట్టే మీటర్లు వస్తే ఈ పని ఇంకా తొందర. వాటిలో డబ్బు అయిపోతే కరెంటు దానంతటదే ఆగుతుంది. 2020 నాటి వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం అది కనెక్షను తీసేయడం కింద లెక్కకే రాదు. ఇందాక చెప్పిన 15 రోజుల రక్షణ అక్కడ మనకు దొరకదు.

బల్ల మీద మా పద్ధతి మార్చుకున్నాం. ఎవరి పిన్నూ మేము అడగం, రాసుకోం. తెర మీద వచ్చిన పేరు గట్టిగా చదివి, ఆ మనిషి అవునన్నాకే కడతాం. ఒక చిన్న ప్రింటరు కొన్నాం, కట్టిన ప్రతిదానికీ కాగితం ఇస్తాం. కౌంటరుకే వెళతానన్నవాళ్ళకు ఒక కుర్రవాణ్ణి తోడు పంపుతాం.

మొన్న పండగ ముందు అవ్వ మళ్ళీ వచ్చింది. గ్యాసు ఫోనులో కట్టమంది, కాగితం తీసుకుని తిరగేసి చూసింది. కరెంటు మాత్రం తానే వెళ్ళి కట్టుకుంటుందట.