కంపెనీ వాటాలూ, కోర్టు తగాదాలూ

(పద్మారావు నగర్‌లో జరిగిన సంఘ సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



కంపెనీ వాటాల తగాదాలంటే కోటీశ్వరుల గొడవ, మనకెందుకని కొందరు అనుకోవచ్చు. అది నిజం కాదని చెప్పడానికే వచ్చాను.

సత్యం కంప్యూటర్స్ పేరు మీకందరికీ తెలుసు. దాని రిజిస్టర్డ్ ఆఫీసు మన సికింద్రాబాద్ ఎస్.పి. రోడ్డులోనే ఉండేది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ డైరెక్టర్లు, ఛైర్మన్ కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించారు. వాటాదారులు గగ్గోలు పెట్టారు. కొద్ది గంటల్లోనే తీర్మానం వెనక్కి పోయింది. మూడు వారాలకు, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. లెక్కల్లో 5,361 కోట్ల నగదు చూపాం, అందులో 5,040 కోట్లు లేవు అని. ఆ లేని సొమ్ము స్థానంలో నిజమైన ఆస్తులు నింపడానికి మేటాస్ కొనుగోలే చివరి ప్రయత్నమని కూడా అందులోనే ఉంది. అంటే ఆ రాత్రి వాటాదారులు నోరు మూసుకుని ఉంటే ఈ బండారం ఇంకెన్నాళ్లు దాగేదో! ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది.

మా వృత్తిలో దర్యాప్తు అంటే పెద్ద రహస్యమేమీ లేదు. కంపెనీ చూపించే డిపాజిట్ రసీదును నమ్మం, బ్యాంకు నేరుగా పంపిన ధ్రువీకరణ అడుగుతాం. సత్యంలో రసీదులే దొంగవి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ల శిక్ష వేసింది. తరువాత అప్పీలులో ఆ శిక్ష అమలు నిలిచింది, అది వేరే సంగతి. మదుపుదార్ల సంగతి చూడండి. అమెరికాలో దావా వేసినవారికి 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. మన దేశపు వాటాదారుకు అలా అందరి తరఫున ఒకే దావా వేసే దారి అప్పటి కంపెనీ చట్టంలో లేదు. 2013 చట్టం 245వ సెక్షన్లో పెట్టారు, 2016లో అమలుకు తెచ్చారు.

ఇక మన ఇళ్ల సంగతి. రాణీగంజ్‌లో చిన్న దుకాణంగా మొదలై ప్రైవేటు లిమిటెడ్ అయిన వ్యాపారాలు బోలెడు. తండ్రి పోతాడు. షరియత్ ప్రకారం తల్లికి ఎనిమిదో వంతు, కొడుక్కి రెండు భాగాలైతే కూతురికి ఒకటి. ఇది అందరం ఒప్పుకుంటాం. కానీ కంపెనీ రిజిస్టరులో పేరు దానంతటది ఎక్కదు, దరఖాస్తు పెట్టాలి. పెళ్లయి వెళ్లిన చెల్లెలు "అన్నయ్య చూసుకుంటాడులే" అని ఊరుకుంటుంది. నాలుగేళ్లకు అన్నయ్య తన పేరనే కొత్త షేర్లు జారీ చేసుకుంటాడు. చెల్లెలి భాగం వీసానికి దిగుతుంది. 62వ సెక్షన్ ప్రకారం కొత్త షేర్లు ముందుగా ఉన్న వాటాదారులందరికీ వారి వారి వంతున ఇవ్వజూపాలి. రిజిస్టరులో పేరే లేకపోతే ఎవరికి ఇవ్వజూపుతారు?

"నాన్న నన్నే నామినీగా రాశారు, షేర్లన్నీ నావే" అనే అన్నలూ ఉన్నారు. 2023 డిసెంబరు 14న సుప్రీంకోర్టు శక్తి యజ్దానీ కేసులో దీన్ని తేల్చేసింది. నామినీ పేరున షేర్లు మారినా అవి వారసులందరివీ, వారసత్వ చట్టం ప్రకారం పంచవలసినవే.

పేరు ఎక్కిన తరువాత దారి సులువు. జనరల్ మీటింగు మినిట్స్ పుస్తకాన్ని ఏ సభ్యుడైనా, సభ్యురాలైనా ఫీజు లేకుండా చూడవచ్చు. అన్యాయం జరిగితే 241వ సెక్షన్ కింద కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచికి వెళ్లవచ్చు. సభ్యుల్లో పదోవంతు కావాలంటారు. అయిదుగురున్న ఇంటి కంపెనీలో ఒక్క చెల్లెలే పదోవంతుకు రెట్టింపు కదా!

సభ అయ్యాక కొంతసేపు ఇక్కడే ఉంటాను. షేరు సర్టిఫికెట్లు తెచ్చుకున్నవారు చూపించండి. అమ్మలు, అక్కలు ముందుగా రావచ్చు.