మీ పని గంటల లెక్క మీ దగ్గర ఉందా?



నన్ను కూలి చట్టాల గురించి మాట్లాడమన్నారు. నేను లాయర్‌ని కాదు. కూలికి పోయి, డబ్బులు పోగొట్టుకుని, ఎందుకు పోయాయో తర్వాత చదివి తెలుసుకున్నవాణ్ణి. ముందు ఒక మాట అడుగుతాను. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాళ్ళు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. ఆ పన్నెండులో చివరి నాలుగు గంటలకి రెట్టింపు కూలి తీసుకున్నవాళ్ళు ఎంతమంది అని అడిగితే? ఒక్క చెయ్యి లేచినా గొప్పే. మా ఊరి సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.

2012లో మా ఊరి నుంచి పద్నాలుగు మందిమి బిల్డింగ్ పనికి కిందకి దిగాం. మేస్త్రీ మా పక్క ఊరి సంతలో పరిచయమైనవాడే. మనిషికి వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇచ్చాడు, బస్సు టికెట్ కూడా తనే కొన్నాడు. మగవాళ్ళకి రోజుకి 240, ఆడవాళ్ళకి 200 అన్నాడు. పొద్దున ఏడింటికి ఎక్కితే రాత్రి ఎనిమిదింటికి దిగేవాళ్ళం. మధ్యలో గంట తిండికి పోను పన్నెండు గంటల పని. ఓటీ సంగతేంటి అన్నా అని అడిగితే, "చివర్లో సెటిల్‌మెంట్‌లో చూసుకుందాం, నేనెక్కడికి పోతాను" అన్నాడు.

మాతో వచ్చిన మా బాబాయికి చదువు రాదు. ఆయన రోజూ రాత్రి పడుకునే ముందు మేముండే షెడ్డు రేకు మీద బొగ్గుతో గీత గీసేవాడు. రోజుకో పొడుగు గీత, దాని పక్కన ఓటీ గంటకో చిన్న గీత. మేం నవ్వేవాళ్ళం. 75 రోజులకి పని అయిపోయింది. సెటిల్‌మెంట్ రోజున మేస్త్రీ అడ్వాన్సు కోశాడు, బస్సు ఛార్జీ కోశాడు, మెస్సు కోశాడు. ఓటీ అంటే, "240లో అన్నీ కలిపే కదా" అన్నాడు. మాట మీద మాట పెరిగింది. బాబాయి, "నా దగ్గర లెక్కుంది, వచ్చి చూడు" అని షెడ్డు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ షెడ్డు లేదు. పని అయిపోయింది కదా, పొద్దున్నే రేకులు విప్పి లారీకెత్తేశారు. మా 75 రోజుల లెక్క ఆ రేకులతో పాటే వెళ్ళిపోయింది.

ఇప్పుడు మనం ఆ లెక్కని మళ్ళీ వేద్దాం. మీరు కూడా ఫోన్లో వెయ్యండి.

రోజు కూలి అంటే ఎనిమిది గంటల కూలి. 240ని ఎనిమిదితో భాగిస్తే గంటకి 30. ఓటీకి రెట్టింపు కాబట్టి గంటకి 60. నాలుగు గంటలకి 240. అంటే పన్నెండు గంటలు పని చేసినవాడికి రెండు రోజుల కూలి రావాలి. ఇది గుర్తుపెట్టుకోండి, వేరే లెక్క అక్కర్లేదు: నాలుగు గంటల ఓటీ అంటే ఇంకో రోజు కూలి. 75 రోజులకి నాకు రావాల్సిన ఓటీ 18,000 రూపాయలు. ఆ ఏడాది మా ఇంట్లో పసుపు అమ్మిన డబ్బు అంత లేదు.

ఈ రెట్టింపు అనే మాట ఎవరి దయ వల్లా వచ్చింది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 59వ సెక్షన్ అది. అదే ఏడాది వచ్చిన కనీస వేతనాల చట్టంలో కూడా ఓటీకి వేరే రేటు కట్టాలని ఉంది. ఇప్పుడు ఆ కనీస వేతనాల చట్టం స్థానంలో వేతనాల కోడ్ వచ్చింది. 2019లో పార్లమెంటు చేసింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. అందులో 14వ సెక్షన్ ఓటీకి మామూలు రేటుకి రెండింతలకి తక్కువ కాకుండా ఇవ్వాలంటుంది. చట్టం పేరు మారింది, రెట్టింపు మారలేదు.

ఇంకో సంగతి. పాత చట్టం జాబితాలో రాసిన పనులకే కనీస వేతనం వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ జాబితా గొడవ లేదు, సెక్యూరిటీ గార్డు కావచ్చు, రొయ్యల కంపెనీలో పని కావచ్చు, హోటల్లో గిన్నెలు కడిగే పని కావచ్చు. కేజీ లెక్కన చేసే పనైనా, ఆ పనికి రోజు కూలి ఖరారు చేసి ఉంటే అంతకంటే కిందకి దిగకూడదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ధరల్ని బట్టి కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో సవరిస్తారు. రెండేళ్ళ క్రితం ఒప్పుకున్న కూలే ఈరోజుకీ ఇస్తున్నాడంటే అనుమానించండి. ఇక మా వదినలకి 200, మాకు 240 అన్నాడు చూశారా, ఒకే పనికి అలా తేడా పెట్టడం 1976 నుంచీ నేరం. కొత్త కోడ్‌లో అది మూడో సెక్షన్.

గంటల విషయంలో ఈమధ్య కొంత గందరగోళం ఉంది. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఫ్యాక్టరీల్లో అదే దారి పట్టింది. దాన్ని పట్టుకుని సూపర్‌వైజర్లు, "ఇప్పుడు రూల్ మారింది, ఓటీ లేదు" అంటున్నారు. వారానికి 48 గంటలు అన్నది మారలేదు. 48 దాటిన ప్రతి గంటా ఓటీయే. పన్నెండు గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 72. అందులో 24 గంటలు ఓటీ.

మనం ఆదివాసులం కాబట్టి ఈ కూలి సంగతి మనకి ఇంకోలా తెలియాలి. మన పోరాటాల గురించి చెప్పేటప్పుడు భూమి, అడవి అంటాం. కూలి సంగతి మర్చిపోతాం. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డ మనుషుల కడుపులో ఏముంది? పోడు ఆపిన కోపం ఉంది. దానితో పాటు రోడ్డు పని కోపం కూడా ఉంది. నర్సీపట్నం వైపు నుంచి ఏజెన్సీలోకి వేసిన రోడ్డుకి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన మనుషుల్ని బలవంతంగా తోలి, సరైన కూలి ఇవ్వకుండా రాళ్ళు మోయించాడు. దాన్ని మన తాతలు వెట్టి అన్నారు.

సరిగ్గా అరవై ఏళ్ళకి, 1982లో, సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్నారు. జమాదార్లు వేరే రాష్ట్రాల నుంచి కూలీల్ని తెచ్చారు. రోజు కనీస కూలి 9 రూపాయల 25 పైసలు. జమాదారు అందులో రూపాయి కమీషన్ కోసుకుంటే కూలీ చేతికి 8 రూపాయల 25 పైసలు వచ్చేది. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ అనే సంఘం జస్టిస్ భగవతికి ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుంది. తీర్పు ఏమిటంటే, కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే. ఎవరూ కర్ర పట్టుకుని నిలబడలేదు కదా అంటే, ఆకలి కూడా బలవంతమే, ఇంకో దారి లేక తక్కువకి ఒప్పుకోవడం ఇష్టంతో ఒప్పుకోవడం కాదు అంది కోర్టు.

కాబట్టి "నువ్వు ఒప్పుకునే వచ్చావు కదా" అనే మేస్త్రీ మాట చెల్లదు. ఆదివాసీల చేత వెట్టి చేయించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరమే. అడ్వాన్సు పేరుతో కదలనివ్వకుండా పట్టి ఉంచితే 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఉంది. ఆ చట్టం కింద ఆ అప్పు తీర్చాల్సిన పని లేదు, రద్దయిపోతుంది. దానికి కలెక్టరు దగ్గరికో, సబ్ కలెక్టరు దగ్గరికో వెళ్ళాలి.

ఇక మాకు కోసిన కోతలు. పనిలో చేరకముందు ఇచ్చిన అడ్వాన్సు తిరిగి కోసుకోవచ్చు. కానీ ప్రయాణ ఖర్చుకి ఇచ్చిన డబ్బు కోయకూడదు. మా బస్సు టికెట్ కోయడం తప్పు. కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. నెల జీతమైతే తర్వాతి నెల ఏడో తేదీ లోపల ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. మేస్త్రీ పారిపోతే? కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమాని ఇవ్వాలి. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉన్న ఈ మాట కొత్త కోడ్‌లోనూ ఉంది. "మాకేం తెలుసు, మేస్త్రీని అడుక్కోండి" అని గేటు దగ్గర చెప్పేవాడికి ఈ ముక్క చెప్పండి.

మా డబ్బు సంగతికి వస్తాను. మేం ఊరికొచ్చేశాం. వానలొచ్చాయి, దుక్కులొచ్చాయి. ఏడు నెలల తర్వాత ఒక సార్ చెప్తే లేబర్ ఆఫీసుకి పోయాం. ఆరు నెలల గడువు దాటిపోయింది, మీ దగ్గర కాగితం కూడా లేదు అన్నారు. తిరిగొచ్చేశాం. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఆ గడువు దాటినా తీసుకోవచ్చని అప్పుడు మాకు చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడు గడువు మూడేళ్ళు. కొత్త కోడ్ 45వ సెక్షన్. పద్నాలుగు మంది పద్నాలుగు అర్జీలు పెట్టక్కర్లేదు, అందరూ కలిసి ఒకే అర్జీ పెట్టొచ్చు. యూనియన్ కూడా పెట్టొచ్చు. రావాల్సిన డబ్బుతో పాటు దానికి పదింతల దాకా పరిహారం వేసే అధికారం అధికారికి ఉంది. కాగితం లేదు అన్నారు చూశారా, 59వ సెక్షన్ ప్రకారం డబ్బు ఇచ్చానని రుజువు చేయాల్సింది యజమాని. రిజిస్టరు రాయాల్సింది, వేతన చీటీ ఇవ్వాల్సింది కూడా వాడే.

చట్టం ఉంది కదా, అంతా అయిపోతుందని నేను అనను. ఈ కోడ్‌లను కార్మిక సంఘాలు ఊరికే వ్యతిరేకించడం లేదు. తనిఖీ అధికారి పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అయింది. కొన్ని తప్పుల విషయంలో కేసు పెట్టే ముందు యజమానికి తప్పు సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి. మొదటిసారి తక్కువ కూలి ఇస్తే 50,000 రూపాయల దాకా జరిమానాయే, జైలు లేదు. రుజువు భారం యజమానిదే అయినా, వాడు దొంగ మస్టరు తెచ్చి అధికారి ముందు పెడితే మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి. అందుకే చెప్తున్నాను, పనికి పోయేవాళ్ళు ఇవి చెయ్యండి.

పది రూపాయల నోటు బుక్ కొనండి. తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము, చేసిన పని, సూపర్‌వైజరు పేరు రోజూ రాయండి. రాయడం రానివాళ్ళది పక్కవాళ్ళు రాయండి. ఆ పేజీని వారానికోసారి ఫోటో తీసి ఇంటికి పంపండి, ఫోన్ పోయినా లెక్క పోకుండా. సైటు బోర్డు, కంపెనీ పేరు, మేస్త్రీ నంబరు ఫోటో తీసుకోండి. కూలి బ్యాంకు ఖాతాలోనో, ఫోన్‌పేలోనో వేయమనండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ వోచరు మీద వేలిముద్ర వెయ్యకండి. ఊరు వదిలే ముందు ఎవరెవరు ఎక్కడికి పోతున్నారో ఊళ్ళో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. చదువుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఈ పని మీది.

డబ్బు ఆగిపోతే లేబర్ ఆఫీసుకి గుంపుగా పోండి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, నోటి మాటగా చెప్పి రాకండి. వకీలు ఖర్చుకి భయపడకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. 15100కి ఫోన్ చెయ్యండి.

మా బాబాయి ఇప్పుడు పనికి పోవడం లేదు, నడుం పోయింది. పోయిన ఏడాది మా తమ్ముడు సెక్యూరిటీ పనికి పోతుంటే ఆయనే సంతలో పుస్తకం కొని వాడి సంచిలో పెట్టాడు. "రేకు మీద గియ్యకు రా, వాళ్ళ రేకు వాళ్ళు పట్టుకుపోతారు. నీ పుస్తకంలో నువ్వు రాసుకో" అన్నాడు.

నేను చెప్పదలుచుకున్నది కూడా అంతే. ఈరోజు డ్యూటీకి పోయేవాళ్ళు ఈరోజు నుంచే రాయండి.

జోహార్.