ఏ అత్తరు కొనాలి?



మా అత్తగారిది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆవిడ పెళ్ళినాటి పెట్టె కొట్టుకుపోయింది. పట్టుచీరెల మాట ఎత్తరు గాని, ఆ పెట్టెలోని అత్తరు వాసన మళ్ళీ తగల్లేదని ఇప్పటికీ అంటూంటారు. దాని పేరేమో గుర్తులేదు.

మొన్న బందరు వెళ్ళినప్పుడు కొట్లో ఘాటైన అత్తర్లు రెండు చూపించారు. ఒకటి అగరు. అస్సాం వైపు పెరిగే చెట్టు చేవకు బూజు సోకితే, చెట్టు ఊరించే జిగురుకు వచ్చే వాసన ఇది. రెండోది షమామా. కనౌజులో లవంగాలు, జాజికాయ, వట్టివేరు వంటి దినుసులెన్నో రాగి గుండిగల్లో కాచి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దించుతారు. మూత తీసి చూస్తే నాకు రెండూ ఒక్కలాగే తోచాయి. ఏది తీసుకోను?

కుడి మణికట్టుకు అగరు, ఎడమ మణికట్టుకు షమామా రాయించుకుని, రుద్దకుండా గుడివాడ బస్సెక్కాను. ఇల్లు చేరేసరికి అగరు ఇంకా పొగలా గుప్పుమంటూనే ఉంది. షమామాలో మసాలా ఘాటు తగ్గి, చందనం పైకి తేలింది. రెండు చేతులూ అత్తగారి ముందు చాపాను. ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఇదేనే అమ్మాయ్" అన్నారు.

కాబట్టి అత్తరును సీసాలో వాసన చూసి కొనకండి. ఒంటికి రాసుకుని ఓ గంట ఆగండి. చందన తైలం ప్రియం గనుక పారఫిన్ నూనెలో చేసేవీ ఉంటాయి, అడిగి తెలుసుకోండి. పట్టుచీరె మీద మాత్రం వెయ్యకండి, మరక పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకూ ఒకసారి చూపించండి. సెలవు.