సామెతల గ్రంథములో విరోధాభాసము

హెబ్రీ భాషలో ‘మిష్లే’ అని వ్యవహరింపబడు గ్రంథమునకు మన తెలుగు బైబిలులో ‘సామెతలు’ అని పేరు. ఆ పేరు పొందికగానే యున్నది. 31 అధ్యాయములు గల ఈ గ్రంథములో చెప్పుకొనదగిన కథ లేదు. రాజుగారి కొలువు మొదలుకొని అంగడిలోని తక్కెడ వరకు, పొలము మొదలుకొని భోజనపు బల్ల వరకు, మనుష్యుడు నడచుకొనవలసిన తీరు చిన్నచిన్న వాక్యములలో చెప్పబడినది. ఇట్టి గ్రంథమును చదువుచు 26వ అధ్యాయమునకు వచ్చినవాడు 4, 5 వచనముల యొద్ద ఆగక తప్పదు. అవివేకి మాటలాడిన తీరున నీవును వానికి బదులు చెప్పవద్దు, చెప్పినచో నీవును వానివంటివాడవే అగుదువని నాలుగవ వచనము హెచ్చరించుచున్నది. అవివేకికి వాని అవివేకమునకు తగినట్లు బదులు చెప్పుము, లేకున్న వాడు తన్నుతానే జ్ఞానిగా ఎంచుకొనునని ఐదవ వచనము ఆదేశించుచున్నది. ఒకటి వలదనుచున్నది, మరియొకటి చేయుమనుచున్నది. నడుమ ఒక్కమాటయైన వివరణ లేదు. వినువాడు దేనిని పాటింపవలెను?

ఈ ప్రశ్న నేటిది కాదు. యూదుల ధర్మచర్చలకు నిధియైన తాల్మూదులో ‘షబ్బాత్’ అను భాగమున దీని ప్రసక్తి కలదు. ఈ గ్రంథములోని మాటలు ఒకదానినొకటి ఖండించుచున్నవను కారణమున పూర్వపండితులు దీనిని మరుగుపరుపవలెనని తలంచిరట. కాని ‘ప్రసంగి’ గ్రంథమును గూర్చియు మునుపు ఇట్టి సందేహమే కలుగగా, లోతుగా చూచినపుడు సమాధానము దొరికినది గదా, ఇచ్చటను అట్లే చూతమని వారు ఆ ప్రయత్నమును మానిరి. బదులు చెప్పుమన్న వచనము ధర్మశాస్త్ర విషయములకును, వలదన్న వచనము లౌకిక విషయములకును చెల్లునని తాల్మూదు సమన్వయించినది. ఈ సమాధానము అన్ని సందర్భములకు చాలునో చాలదో అటుంచుదము. దాని పద్ధతి గమనింపదగినది. ఆ పండితులు రెండు వచనములలో ఒకదానిని కొట్టివేయలేదు. ఏది ఎచ్చట చెల్లునని అడిగిరి.

గ్రంథమును కూర్చినవారి ఉద్దేశమును అదియే అని తోచుచున్నది. 25వ అధ్యాయము మొదట ఒక సూచన యున్నది. ఆ సొలొమోను సామెతలను యూదారాజైన హిజ్కియా సేవకులు ఎత్తి వ్రాసిరట. హిజ్కియా క్రీస్తుపూర్వము 8వ శతాబ్దపు చివరి కాలమున ఏలినవాడు. అనగా, ఇది ఒక్క పూటలో ఒక్కరు వ్రాసిన వ్రాత కాదు. లేఖకులు ఏరి కూర్చిన సంకలనము. విరుద్ధముగా నున్నవని భయపడినచో వారు ఈ రెంటిలో ఒకదానిని విడిచిపెట్టి యుందురు. లేదా పది అధ్యాయముల ఎడముగా నుంచి యుందురు. అట్లు చేయక పక్కపక్కనే నిలిపిరి. పైగా, హెబ్రీ మూలములో ‘వాని అవివేకము చొప్పున’ అను పదము రెండు వచనములలోను అక్షరము మారక నిలిచియున్నది. ఇది పొరపాటున జరిగిన పని కాదు.

ఆ పదములోనే కీలకము కొంత యున్నది. ‘చొప్పున’ అని మనము తెలుగు చేసికొను హెబ్రీ ఉపసర్గకు ‘దానివలె’ అనియు, ‘దానికి తగినట్లు’ అనియు రెండు ఛాయలు కలవు. అవివేకి వలె బదులు చెప్పుట వేరు. అవివేకమునకు తగిన బదులు చెప్పుట వేరు. ఇక రెండు వచనములు చూపు కారణములను గమనింపుడు. మొదటిది బదులు చెప్పువానిని గూర్చి చింతించుచున్నది: నీవు ఏమగుదువు? రెండవది అవివేకిని గూర్చి చింతించుచున్నది: వాడు ఏమగును? నోరు విప్పుటకు ముందు ఈ రెండు ప్రశ్నలను వేసికొనుమని చెప్పుటయే ఈ జంట వచనముల పని.

సామెత శాసనము కాదు. శాసనము అందరికి, అన్ని వేళల, ఒక్క తీరుగ వర్తించును. సామెత ఒక సందర్భములో పండిన అనుభవము. అట్టి సందర్భము మరల వచ్చినపుడే అది పలుకును. ఇది తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. ‘ఆలస్యము అమృతము విషము’ అనువారమును మనమే, ‘నిదానమే ప్రధానము’ అనువారమును మనమే. ‘ఊరకున్నంత ఉత్తమము లేదు’ అని ఒక పెద్ద చెప్పును. ‘మౌనము అర్ధాంగీకారము’ అని మరియొక పెద్ద చెప్పును. ఈ రెండింటిని విన్న పల్లెటూరి రైతు తికమకపడడు. ఏ సామెతను ఏ పూట తీయవలెనో ఎరుగుటయే పెద్దరికమని అతనికి తెలియును.

బైబిలులోనే దీనికి చక్కని ఉదాహరణము కలదు. సమూయేలు మొదటి గ్రంథము 25వ అధ్యాయమున నాబాలు అను ధనికుని కథ వచ్చును. మూడువేల గొఱ్ఱెలు, వేయి మేకలు గలవాడు. ‘నాబాలు’ అనగా అవివేకి యనియే అర్థము. అరణ్యములో దావీదు మనుష్యులు వాని కాపరులకు అండగా నుండిరి. గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు పండుగనాడు దావీదు పదిమంది యువకులను మర్యాదగా పంపి కొంత ఆహారము అడిగించెను. నాబాలు, దావీదు ఎవడని ఎగతాళి చేసి, యజమానుని విడిచి పారిపోయిన దాసులలో నొకనిగా వానిని జమకట్టి, వట్టిచేతులతో పంపివేసెను. దావీదు మండిపడి నాలుగు వందల మందితో కత్తులు కట్టుకొని బయలుదేరెను. తెల్లవారునప్పటికి ఆ ఇంట మగవాడొక్కడును మిగులరాదని ఒట్టు పెట్టుకొనెను. అవివేకికి అవివేకి వలె బదులు చెప్పుట అనగా ఇదియే. తిట్టిన నోటికి కత్తితో సమాధానము చెప్పబోయిన దావీదు, ఆ ఒక్క ఘడియలో నాబాలుకంటె ఎక్కువ అపాయకరుడైనాడు.

నాబాలు భార్య అబీగయీలు గాడిదలపై రొట్టెలు, ద్రాక్షారసము, వండిన మాంసము వేయించుకొని ఎదురేగి, దావీదు కాళ్లపై పడినది. నా భర్త మాటను లక్ష్యపెట్టవలదు, రేపు నీవు రాజువైననాడు నిష్కారణముగా రక్తము చిందించితినను బాధ నీ మనస్సున ఉండరాదని నచ్చచెప్పినది. ఆమె దావీదునకు చెప్పినది నాలుగవ వచనపు నీతి: నీవు వానివంటివాడవు కావలదు. ఆమె ఇల్లు చేరునప్పటికి నాబాలు రాజవిందు చేసి, త్రాగి మత్తుడై యున్నాడు. ఆ రాత్రి ఆమె ఒక్కమాటయు చెప్పలేదు. తెల్లవారి మత్తు దిగిన తరువాత జరిగినదంతయు చెప్పినది. వాని గుండె రాయియైనది. తన మాట తన ఇంటిని ఎంత దగ్గరగా కత్తి అంచునకు తెచ్చినదో వానికి తెలియవలసి యుండెను. అది ఐదవ వచనపు నీతి. ఒక్క స్త్రీ ఒక్క దినములో రెండు వచనములను పాటించినది, రెంటి నడుమ ఒక రాత్రి వేచియున్నది. బుద్ధికి మించి ఆమె చేతిలో వేరే సాధనము లేదు.

ఇట్టి జంటలు ఈ గ్రంథములో మరికొన్ని యున్నవి. శ్రమించు చేయి సంపన్నమగునని 10వ అధ్యాయము చెప్పును. ఈ ఒక్కమాటనే పట్టుకొన్నవాడు బీదవానిని చూచి, వీడు సోమరియని తీర్పు చెప్పవచ్చును. అందుకే కాబోలు, 13వ అధ్యాయము బీదల భూమియు సమృద్ధిగా పండగలదనియు, అన్యాయము ఆ పంటను హరించుననియు చెప్పుచున్నది. ధనము ధనవంతునికి కోటయని 10వ అధ్యాయము. అది కోటయనుకొనుట వాని ఊహయని 18వ అధ్యాయము. మొదటి మాట అబద్ధము కాదు. రెండవ మాట లేనిదే అది పూర్తియును కాదు.

సామెతను వేళ తప్పి వాడుటవలన కలుగు హాని చిన్నది కాదు. యోబు గ్రంథము దీనికి సాక్షి. ఆస్తిని, బిడ్డలను కోల్పోయి, దేహమంతయు కురుపులతో బూడిదలో కూర్చున్న యోబును చూడవచ్చిన ముగ్గురు మిత్రులు ఏడు దినములు, ఏడు రాత్రులు మాటలాడక నేలపై వానితో కూర్చుండిరి. అంతవరకు వారు మిత్రులే. నోరు విప్పిన తరువాత, పాపము చేసినవాడే శ్రమపడును, నీవును ఏదో చేసియుందువను ధోరణిలో ఉపదేశించిరి. వారి మాటలు అనేకము సామెతలలో చోటు చేసికొనదగినంత చక్కనివి. కాని ఆ మనుష్యునికి అవి చెల్లవు. గ్రంథాంతమున దేవుడు వారిని మందలించుచున్నాడు. నీతివాక్యము తనంత తాను మనుష్యుని ఓదార్చదు. చావు ఇంట, రోగి పడకయొద్ద, పంట పోయిన రైతు గుమ్మమున అది గాయమును రేపగలదు.

ఈ ప్రమాదమును సామెతల గ్రంథము తానే ఎరిగియున్నది. మన రెండు వచనములు గల 26వ అధ్యాయముననే, అవివేకి నోటి సామెత కుంటివాని కాళ్లవలె నిరుపయోగమనియు, మత్తుని చేతిలోని ముల్లువంటిదనియు రెండు ఉపమానములు కనబడును. సామెతను కంఠస్థము చేసినంతమాత్రమున వివేకము రాదని గ్రంథకర్తల తీర్పు.

కనుక ఇంట కోడలిమీద విసుగుకొను అత్తగారికిగాని, సభలో పరుషమాట విన్న పెద్దకుగాని, తండ్రికి ఎదురుచెప్పు కుమారునికిగాని ఈ రెండు వచనములలో ఏదో ఒకటి శాశ్వతముగా చాలదు. నాకు కోపము దిగినదా? వినువాడు వినగల స్థితిలో నున్నాడా? నేను ఊరకున్నచో పక్కనున్న పసివాడు తప్పును ఒప్పని నేర్చుకొనునా? ఈ ప్రశ్నలకు వచ్చు జవాబును బట్టి నేడు ఒక వచనము, రేపు మరియొక వచనము మనకు దారి చూపును.

ఆ అధ్యాయము 12వ వచనమున మరియొక మాట యున్నది. తన దృష్టికి తానే జ్ఞానియైనవానికంటె అవివేకియే నయమట. అంతవరకు అవివేకిని గూర్చి పదేపదే చెప్పుచు వచ్చిన గ్రంథము ఇచ్చట దృష్టిని హఠాత్తుగా మరలించుచున్నది. బదులు చెప్పబోవువాడు ముందుగా తనకు తాను చెప్పుకొనవలసిన బదులు అచ్చట నున్నది.