హైస్కూలు విద్యార్థుల చిత్రలేఖన పోటీ
(బహుమతి ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సొసైటీ పక్షాన చిత్రలేఖన పోటీ పెడుతున్నామని ఇంటింటికీ వెళ్ళి చెప్పినప్పుడు మాకు ఎదురైన ప్రశ్న ఒక్కటే. "బొమ్మలు గీస్తే ఉద్యోగం వస్తుందా మాస్టారూ?" అని. అడిగినవారిలో అద్దకం పని చేసి పిల్లల్ని చదివించుకుంటున్నవారూ ఉన్నారండీ!

మన బందరు, పెడన కలంకారీకి ఆ పేరు ఇచ్చినది పారసీక భాషలోని ఖలం. గోలకొండ కుతుబ్ షాహీల కాలంలో ఈ బట్ట మన రేవునుండి ఓడలెక్కి ఇరాన్ దాకా పోయింది. అందులోని తీగలు, పూలు, ఆకులు ఎవరో ఒకరు ముందు కాగితం మీద గీసినవే. గీసిన దానిని టేకు చెక్క మీదికి ఎక్కించి, ఉలితో చెక్కి, అచ్చు తీస్తారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు. గీత వెంట్రుకవాసి తప్పినా బట్ట మీద తీగకు తీగ కలవదు. కరక్కాయ నీటిలో ముంచి ఆరేసిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు నలుపు నిస్తాయి. పటిక అద్ది, వేళ్ళ రంగులో ఉడకబెడితే ఎరుపు తేలుతుంది. ఇదంతా డ్రాయింగు కాక మరేమిటి? మా ఉర్దూ క్లాసులోనూ అంతే. నస్తాలీఖ్ రాతలో అక్షరాన్ని ఖలం పెట్టే నుక్తాలతోనే కొలుస్తారు. చెయ్యి కుదరనివాడికి అలిఫ్ కూడా నిలబడదు.

ఇక మా తప్పు ఒకటి చెప్పాలి. ప్రాణుల బొమ్మలు వేయరాదని నిబంధన పెట్టినది మేమే. కొందరు పెద్దల మనస్సు నొచ్చుకోకూడదని పెట్టాము, అందుకు విచారం లేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ళ దాదా అచ్చు చెక్కుతున్నట్లు వేసింది. రెండు చేతులు, ఉలి, చెక్క, కిందపడ్డ పొట్టు, అంతే. చేతులు ప్రాణి కిందికి వస్తాయా రావా అని న్యాయనిర్ణేతలలో వాదన వచ్చింది. నిబంధన రాసిన మేము నోరు విప్పలేదు. రాసేటప్పుడు ఆ సంగతి మాకు తట్టనే లేదు మరి. చిత్రాన్ని పక్కన పెట్టేశారు.

కాగితం తిరిగి ఇస్తుంటే ఆ పిల్ల, "ముఖం వేయలేదు కదా సార్," అన్నది. ఏం చెబుతాం? "మళ్ళీ ఏడు చూద్దాంలే అమ్మా," అని తప్పించుకున్నాము. మళ్ళీ ఏటికి ఆ పిల్ల పదో తరగతి. పరీక్షల ఏడు ఇంట్లో రంగులు ముట్టనిస్తారా?

అందుకని, బహుమతులు మార్చే అధికారం మాకు లేకపోయినా, ఆ చిత్రాన్ని అడిగి తీసుకువచ్చి వరండాలో తక్కిన వాటితోపాటు పెట్టించాము. నిబంధనలో ఏది కూడునో ఏది కూడదో వచ్చే పోటీకి ముందే విడమరచి రాయాలని కమిటీవారిని ఈ సభలోనే కోరుతున్నాము.

అస్ర్ నమాజు దాకా చిత్రాలు అక్కడే ఉంటాయి. పోటీకి కూర్చున్న ప్రతి విద్యార్థికీ రంగుల పెట్టె ఉన్నది. పిల్లలు తోసుకోకుండా వరుసగా రావాలి.