మన ఇంటి జ్ఞాపకములకు ఏ డిస్కు మేలు?

(భావనపాడులో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ఉపన్యాసము)



పంచాయతీ తీర్మానముల పుస్తకమును ఎట్లు భద్రపరచవలెనో మీకందరకు తెలియును. కాని నేడు గ్రామము యొక్క, కుటుంబము యొక్క జ్ఞాపకములు కాగితముమీద మాత్రమే లేవు. పెండ్లి వీడియోలు, గ్రామదేవత సంబరములు, తప్పెటగుళ్ళు, జముకుల కథలు, వల లాగుచు పెద్దలు పాడిన పాటలు అనేక గృహములలో సీడీలమీద, డీవీడీలమీద ఉన్నవి. గాలివానకు కూలిన ఇంటి ఛాయాచిత్రములు సైతము అట్టి డిస్కుమీదనే ఉండవచ్చును. ఇవి ఎంతకాలము నిలుచును? క్రొత్తగా వ్రాయింపదలచినవారు ఏ రకమును కొనవలెను? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదట డిస్కు అనగా నేమో తెలిసికొందము. చూచుటకు అన్నియు ఒకే తీరున మెరయును గాని లోపలి నిర్మాణము వేరు. దుకాణమున కొన్న సినిమా డిస్కులో సన్నని గుంటలు కర్మాగారమునందే అచ్చువేయబడి ఉండును. ఒకేసారి వ్రాయుటకు మన మింటివద్ద వాడు సీడీలో, డీవీడీలో ప్లాస్టిక్కునకు, మెరయు లోహపు పొరకు నడుమ ఒక రంగుపూత ఉండును. లేసరు కిరణము ఆ పూతను అక్కడక్కడ మార్చి గుర్తులు పెట్టును. మొదటిది అచ్చుపుస్తకము వంటిది. రెండవది సిరాతో వ్రాసిన కాగితము వంటిది. ఎండకు సిరా వెలిసినట్లే ఈ రంగుపూతయు ఎండకు, వేడికి చెడును. కావున సినిమా డిస్కు ఇరువది యేండ్లు ఆడినది గనుక పెండ్లి డిస్కుయు ఆడునని తలపరాదు.

ఇక రకముల సంగతి. వ్రాయదగిన సీడీ 1988లో రూపొందినది. దానిలో సుమారు 700 మెగాబైట్లు మాత్రమే పట్టును. వీసీడీ పద్ధతిలో ఇది దాదాపు 80 నిమిషముల చిత్రమునకు చాలును. మన ఇండ్లలోని పెండ్లి వీసీడీలు రెండు మూడు డిస్కులుగా ఉండుటకు కారణ మిదియే. పిమ్మట 4.7 గిగాబైట్లు పట్టు డీవీడీ వచ్చినది. దానితో పాటు తగవును వచ్చినది. పయొనీరు సంస్థ 1997లో డీవీడీ మైనస్ ఆర్ అను రకమును తెచ్చెను. మరుసటి సంవత్సరము డీవీడీ ర్యామ్ వచ్చెను. ఫిలిప్స్, సోనీ, హ్యూలెట్ ప్యాకార్డ్ మొదలగు సంస్థలు వేరొక కూటమిగా ఏర్పడి 2002లో డీవీడీ ప్లస్ ఆర్ ను విడుదల చేసినవి. ఒక రకపు యంత్రమునకు మరొక రకపు డిస్కు సరిపడకపోవుటచే కొనువారు తికమకపడిరి.

ఈ తగవులో ఎవరు గెలిచిరి? ఎవరును గెలువలేదు. మైనస్, ప్లస్ రెండింటిని వ్రాయగల యంత్రములు త్వరలోనే అంగడికి వచ్చినవి. తగవు దానంతట అదే చల్లారినది. తమ యంత్రమునకు సరిపడని డిస్కును అప్పటికే కొన్నవారికి మాత్రము నష్టము మిగిలినది.

అంతకు పూర్వము టేపుల విషయములోను ఇట్లే జరిగెను. సోనీ సంస్థ 1975లో బీటామ్యాక్స్ ను, జేవీసీ సంస్థ 1976లో వీహెచ్‌ఎస్ ను తెచ్చినవి. మొదటిదానిలో ఒక గంట, రెండవదానిలో రెండు గంటలు పట్టెను. ఇండ్లలో వీహెచ్‌ఎస్ గెలిచెను. కాని సోనీ బీటామ్యాక్స్ క్యాసెట్ల తయారీని ముగించినది 2016 మార్చిలో. వీహెచ్‌ఎస్ యంత్రములను తయారుచేయుచు చివరకు మిగిలిన జపాను సంస్థ ఆ పని మానినదియు అదే సంవత్సరము జులైలో. ఓడినదియు, గెలిచినదియు ఒకే యేట మూలబడినవి. ఇందు మనకొక పాఠమున్నది. ఏ రకము గెలుచునో ఊహించుట ముఖ్యము కాదు. గెలిచినదియు శాశ్వతము కాదని యెరిగి మెలగుట ముఖ్యము.

బ్లూ-రే డిస్కు సంగతియు చూడుడు. 2008 ఫిబ్రవరిలో తోషిబా సంస్థ తన హెచ్‌డీ డీవీడీని విరమించుకొనగా బ్లూ-రే నిలిచెను. దానిలో 25 గిగాబైట్లు, అనగా అయిదు డీవీడీల సరకు, పట్టును. అయినను సోనీ సంస్థ వ్రాయదగిన బ్లూ-రే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపివేసెను. మన దేశమున చౌకధరకు సినిమా డిస్కులమ్మి ఇంటింటికి పరిచయమైన మోజర్‌బేర్ సంస్థ 2018లోనే లిక్విడేషనుకు పోయినది. క్రొత్త కంప్యూటర్లు పెక్కింటిలో డిస్కు పెట్టు అరయే లేదు.

కావున డిస్కు కొనువారు దుకాణదారుని “ఏది గొప్పది?” అని అడుగుటకు మారుగా తమ్ము తామే రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఒకటి: దీనిని నా యంత్రమే కాక ఇతరుల యంత్రమును చదువగలదా? రెండు: దీని రెండవ ప్రతి ఎక్కడ నున్నది?

ఈ ప్రశ్నల వెలుగులో కొన్ని సూచనలు చేయుచున్నాను.

ఇంటిలోని ప్రాత ప్లేయరులో చూచుటకైనచో ఒకే పొర గల డీవీడీ మైనస్ ఆర్ ను ఎన్నుకొనుడు. ప్రాత ప్లేయర్లలో దీనిని చదువునవే హెచ్చు. వ్రాసిన పిమ్మట “ఫైనలైజ్” చేయింపవలెను. లేనిచో ఇతర యంత్రములలో ఆడకపోవచ్చును. కంప్యూటరులో దాచుటకైనచో మైనస్ అయినను, ప్లస్ అయినను భేదము లేదు. చెరిపి మరల వ్రాయుటకు వీలగు ఆర్‌డబ్ల్యూ రకము అభ్యాసమునకు మంచిదే గాని, పెండ్లినాటి చిత్రమునకు తగదు. పొరపాటున చెరిగినచో తిరిగి రాదు. డీవీడీ ర్యామ్ ఎన్నోమార్లు వ్రాయుటకు పనికివచ్చినను ఇంటి ప్లేయర్లలో చాలవరకు ఆడదు. బ్లూ-రేను దానికి తగిన యంత్రము చేతనున్నవారు మాత్రమే కొనవలెను.

డిస్కుమీద కాగితపు చీటీ అంటింపరాదు. బాలుపెన్నుతో వ్రాయరాదు. సీడీలో పేరు వ్రాయు వైపుననే లోహపు పొర పైకి ఉండును. అటు గీత పడినచో ఆ భాగము మరల రాదు. నీటిసిరా గల మెత్తని మార్కరుతో నడుమనున్న తెల్లని వలయముమీద పేరు, తేది వ్రాయుడు. డిస్కును పెట్టెలో నిలువుగా ఉంచుడు.

మన తీరపు సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. డిస్కులను 20 డిగ్రీలకు మించని చల్లదనమున, గాలిలో తేమ నూటికి 50 పాళ్ళకు మించని చోట ఉంచుమని నిపుణులు చెప్పుదురు. ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క నౌపడ ఉప్పుమడులు గల ఈ ప్రాంతమున సామాన్య గృహమునకు ఇది సాధ్యము కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దాపున తీరము దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలిన సంగతి మీరు మరచియుండరు. ఇంటికప్పే నిలువని నాడు బీరువాలోని డిస్కు నిలుచునని నమ్ముట యెట్లు? కావున మనకు రక్ష డిస్కు నాణ్యములో కన్న ప్రతుల సంఖ్యలో ఉన్నది. ఒక ప్రతి డిస్కుమీద, మరియొకటి హార్డుడిస్కుమీద ఉండవలెను. అందులో ఒకటి టెక్కలిలోనో, పలాసలోనో, ఇంకను దూరముననో ఉన్న బంధువుల ఇంట ఉండవలెను. పెన్‌డ్రైవు మోసుకొనిపోవుటకు మంచిదే గాని, దానినొక్కదానినే నమ్మరాదు.

డిస్కు ఉప్పునీట మునిగినచో పారవేయకుడు. మంచినీట కడిగి, మెత్తని గుడ్డతో నడుమనుండి అంచు వైపునకు తిన్నగా తుడువుడు. గుండ్రముగా త్రిప్పి తుడువరాదు. నీడలో ఆరిన పిమ్మట వెంటనే ప్రతి తీయింపుడు.

పంచాయతీ సభ్యులుగా మీరు చేయదగిన దొకటి కలదు. డిస్కులను చదువు యంత్రములు మన నడుమ ఇంకను కొన్ని ఉన్నవి. యుఎస్‌బీ తీగతో కంప్యూటరునకు తగిలించు డిస్కు డ్రైవు నొకదానిని, ఒక హార్డుడిస్కును సమకూర్చి, కంప్యూటరు తెలిసిన యువకులకు ఆ పని అప్పగింపుడు. నెలకొక దినము నిర్ణయించి గ్రామస్థులు తమ ప్రాత సీడీలు, డీవీడీలు తెచ్చి ప్రతులు తీసికొని పోవునట్లు చూడుడు. ఇంటివారి చిత్రములు ఇంటివారివే. వారి అనుమతి లేక ఇతరులకు చూపరాదు. గ్రామమంతటికి చెందిన పాటలు, కథలు, సంబరములు మాత్రము పాడినవారి పేరు, తేదితో పంచాయతీ వద్ద ఒక ప్రతి ఉండుట మంచిది. రెండు మూడేండ్లకొకసారి వాటిని తెరచి చూచి, క్రొత్త సాధనముమీదికి మార్చవలెను. తీర్మానములను మాత్రము ఎప్పటివలె పుస్తకములోనే వ్రాయవలెను. డిస్కు దానికి తోడే గాని బదులు కాదు.

వల లాగుచు పాటలు పాడిన తరము వారు ఒక్కొక్కరే మనలను విడచిపోవుచున్నారు. వారి గొంతు ఏ ఇంటి బీరువాలోనో రంగు వెలయుచున్న డిస్కుమీద ఉన్నదేమో! మైనస్ మేలా, ప్లస్ మేలా అని తర్కించుచు కాలము గడుపక, చదువగల యంత్రము దొరకుచున్న ఈనాడే రెండవ ప్రతి తీయించు పనికి పూనుకొందురని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.